బెజవాడ 'స్వరాజ్య' పత్రిక

రజతోత్సవ సంచికకు పత్రికలను గూర్చి వ్రాయుమని మన గ్రంథాలయ కార్యవర్గమువారు కోరిరి. దూరదేశముల కథ లేల? మన కృష్ణాతీరమున జరిగినదే చెప్పెదను.

1907లో బిపిన్ చంద్రపాలుని ఉపన్యాసములతో ఆంధ్రదేశమున వందేమాతరోద్యమము చెలరేగెను. ఆ సందర్భమున రాజమహేంద్రవరపు ట్రెయినింగు కళాశాలనుండి వెడలగొట్టబడినవారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రొకరు. ఎం.ఏ. చదివియు సర్కారు కొలువునకు దూరమైన ఆయన 1908లో బెజవాడనుండి, బోడి నారాయణరావుగారితో కలిసి, 'స్వరాజ్య' పత్రికను నడపిరి. నాటి బెజవాడ యనగా నేడు మనము వన్ టౌన్ అని పిలుచుకొను పాత ఊరే.

ఆ మార్చిలో తిరునల్వేలియందు చిదంబరం పిళ్ళెగారి నిర్బంధమునకు ప్రజ లాగ్రహించిరి. పోలీసులు కాల్చిరి, నలుగురు మరణించిరి. దానిపై 'స్వరాజ్య'లో 'విపరీతబుద్ధి' యను వ్యాసము వెలువడెను. ప్రభుత్వము రాజద్రోహ నేరము మోపెను. క్రింది కోర్టు విధించిన శిక్ష చాలదని హైకోర్టున కెక్కి, సంపాదకునకు మూడేండ్ల చెర వేయించెను.

వ్యాసపు భాష పరుషమే. లెక్కలతో తల నెరిసిన నావంటివాడు అంత పరుషముగా వ్రాయజాలడు. కాని నాడు సామాన్యునకు వోటు లేదు; చచ్చినవారి పక్షమున అడుగుటకు పత్రిక తప్ప వేరు నోరు లేదు. వ్రాసిన మాటకు తానే బాధ్యుడై ఆయన చెరకు పోయెను. లెక్కపుస్తకమున తప్పు పడిన, కొట్టివేసి ప్రక్కన సంతకము చేయుట మా వృత్తిధర్మము. గీకి మాపుట నేరము. పత్రికకును ఇదియే ధర్మమని నా తలంపు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినపుడు, నీ రెంత వచ్చినది, పడవ ఎటు వచ్చునను నిజమైన వార్తయే జనులకు ప్రాణాధారము. ఫోనులలో తిరుగు పేరులేని మాటలకు సంతకము చేయువా డెవడు?

చెర వీడిన పిదప గాడిచర్లవారు పత్రికారచనను మానలేదు. కాని పత్రిక యున్న చాలదు, చదువరి కావలెనని గ్రహించిరి కాబోలు. 1914 ఏప్రిలు 10న అదే బెజవాడలో, అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో, చిలకమర్తివారి అధ్యక్షతన సభ జరిగి ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘ మేర్పడెను. తరువాత చాలకాలము దానికి గాడిచర్లవారే అధ్యక్షులు. వయోజనవిద్యకై పాటుపడి, 1960లో కన్నుమూసిరి.

మన గ్రంథాలయమున ఉదయము పత్రికను ఒకరు బిగ్గరగా చదువుదురు. చదువురాని పెద్దాయన ఒకరు అరుగుమీదనుండి విని, "ఎవరు వ్రాసినారు బాబూ అది?" అని తప్పక అడుగును. పేరు చెప్పినదాక చదువరిని ముందుకు సాగనీయడు.