ఏ వయసు ఇంజను కావాలి?

1925లో ఇంగ్లండులో స్టాక్టన్-డార్లింగ్టన్ రైలుమార్గానికి నూరేళ్ల పండుగ చేశారు. ఊరేగింపులో జనం ఎదురుచూసింది ‘లొకోమోషన్’ కోసం. 1825లో ఆ మార్గం మొదలైన రోజున జార్జి స్టీఫెన్సన్ నడిపిన ఇంజను అది. గొట్టంలోంచి పొగ చిమ్ముకుంటూ వచ్చింది, వెళ్లింది. దాన్ని నడిపించింది మాత్రం వెనక టెండరులో దాచిన పెట్రోలు ఇంజను. పొగ కోసం నూనె పట్టిన పీచు కాల్చారు. చూసేవాళ్లకు వేడుక దక్కింది, ముసలి బాయిలరుకు విశ్రాంతి దక్కింది. మోసమా, జాగ్రత్తా అని అడిగితే నేను జాగ్రత్త అనే అంటాను. అదే ఇంజను బాయిలరు 1828లో పేలి డ్రైవరు ప్రాణం తీసింది మరి.

పేలిన తర్వాత దాన్ని మళ్లీ కట్టారు. ఆపైన వాడకంలో ఎన్నో భాగాలు మారాయి. 1857లో పీఠమెక్కేనాటికే అది 1825 నాటి ఇంజను అనడానికి కాస్త తటపటాయించాల్సిన స్థితి. పాత యంత్రాల విషయంలో అసలు పేచీ ఇదే. గుడి గోడ కట్టినచోటే నిలబడి శిథిలమవుతుంది. యంత్రం పనిచేస్తూ అరుగుతుంది, అరిగినదాన్ని వదిలించుకుని కొత్తది బిగించుకుంటూ బతుకుతుంది. పని మానేశాక దాన్నేం చేయాలి? మళ్లీ నడిచేలా బాగుచేయాలా, ఉన్నదున్నట్టు కాపాడాలా, నలుగురూ మెచ్చేలా ముస్తాబు చేయాలా? నూట అరవై, డెబ్బై ఏళ్లుగా ఈ మూడూ జరుగుతూనే ఉన్నాయి. ఒకటి చేసి దానికి ఇంకొకదాని పేరు పెట్టడమూ జరుగుతోంది.

‘రాకెట్’ సంగతి చూడండి. 1829లో రెయిన్‌హిల్ రైలింజన్ల పోటీ గెలిచిన ఈ ఇంజను 1862లో లండన్ పేటెంటు కార్యాలయం వారి మ్యూజియానికి చేరింది. పాఠ్యపుస్తకాల బొమ్మల్లో పసుపుపచ్చగా మెరిసిపోతుంది కానీ, మిగిలినది నల్లటి బోడి ఇంజను. పోటీనాడు ఏటవాలుగా ఎత్తులో ఉన్న సిలిండర్లను ఒకటి రెండేళ్లలోనే దాదాపు అడ్డంగా కిందికి దించారు. ముందు పొగపెట్టె చేర్చారు. అంటే దాన్ని కట్టిన స్టీఫెన్సన్ తండ్రీకొడుకులు తమ ఇంజనును తామే పాతదని తేల్చేసి మార్చుకున్నారన్నమాట. 1999లో పరిశోధకులు మైకేల్ బెయిలీ, జాన్ గ్లిథెరో దాన్ని విడదీసి, ప్రతి రంధ్రాన్నీ అతుకునీ పరీక్షించి ఆ మార్పుల వరస రాశారు. అంతకు ముందే ఏ దయగల పెద్దమనిషో దాన్ని 1829 నాటి రూపానికి తెచ్చి పసుపు రంగు పూసి ఉంటే, ఆ రంధ్రాలు పూడిపోయేవి, ఆ చరిత్రా పూడిపోయేది. పసుపు రాకెట్ నడుస్తుంటే చూడాలనుకునేవాళ్లకు 1979లో కొత్తగా చేసిన నకలు ఉంది.

ఉన్నదున్నట్టు ఉంచడంలో జేమ్స్ వాట్ పనిగదిని మించినది నాకు తెలియదు. 1819లో ఆయన పోయాక బర్మింగ్‌హామ్ దగ్గరి ఇంటి అటక మీది ఆ గదికి తాళం పడింది. 1924లో తలుపు, కిటికీ, నేల చెక్కలతో సహా 8 వేలకు పైగా వస్తువులను లండన్ సైన్స్ మ్యూజియానికి ఎత్తుకెళ్లారు. అక్కడ దేన్నీ తోమి మెరిపించాల్సిన అవసరం లేదు. అయితే పనిముట్ల గదికి చెల్లిన నియమం పంపు ఇంజనుకు చెల్లుతుందా? ఇంగ్లండులోని క్రాఫ్టన్‌లో 1812 నాటి బోల్టన్ అండ్ వాట్ ఇంజను ఆవిరి పెట్టిన రోజుల్లో ఇప్పటికీ కాలువకు నీళ్లు తోడుతుంది. ఆ భారీ దూలం పైకి లేచి ఒక్క క్షణం ఆగి దిగడం, గదంతా వేడి నూనె వాసన, కవాటాల చప్పుడు, ఇవేవీ అద్దాల వెనక నిలబెట్టిన ఇనుము చెప్పలేదు. నడపకపోతే నడిపే పని తెలిసిన చేతులు కూడా పోతాయి.

పాత చర్చిలను బాగుచేసే పేరుతో పాడుచేస్తున్నారని కళా విమర్శకుడు జాన్ రస్కిన్ 1849లోనే మండిపడ్డాడు. విలియం మారిస్ 1877లో పాత కట్టడాల రక్షణకు సంఘమే పెట్టాడు. యంత్రాలవాళ్ల చెవికి ఆ గొడవ ఎక్కడానికి మరో నూరేళ్లు పట్టింది. ఈలోగా అమెరికాలో ముస్తాబు రాజ్యమేలింది. నెవాడాలో కాసినోల యజమాని బిల్ హారా వెయ్యికి పైగా కార్లు పోగేసి, షోరూములోంచి అప్పుడే వచ్చినట్టు తయారుచేయించాడు. ఆ తర్వాత జరిగిన పాత కార్ల పోటీల్లో బళ్లు ఫ్యాక్టరీలో ఏనాడూ ఎరగని నిగనిగలతో దిగాయి. గాలి మళ్లిందనడానికి 2010 జనవరిలో పారిస్‌లో జరిగిన వేలం గుర్తు. స్విట్జర్లాండ్-ఇటలీ సరిహద్దులోని మజ్జోరే సరస్సు అడుగున డెబ్బై ఏళ్లకు పైగా నానిన 1925 నాటి బుగాటి కారు అందులో 2 లక్షల 60 వేల యూరోలు పలికింది. కొన్నవాళ్లు దాన్ని తుప్పుతో సహా అలాగే ప్రదర్శనకు పెట్టారు. బాగుచేసి ఉంటే అది మరో బుగాటి అయ్యేది, అంతే.

ఈ వాదం మొత్తానికి నిలువెత్తు సాక్షి ఇంగ్లండు ఆవిరి ఇంజను ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’. 1923లో డాంకాస్టర్ వర్కుషాపులో 1472 నంబరుతో పుట్టింది. మరుసటి ఏడు వెంబ్లీ ప్రదర్శనకు వెళ్లేసరికి 4472 అయింది. 1934 నవంబరు 30న గంటకు నూరు మైళ్ల వేగం అందుకుని పేరు తెచ్చుకుంది. 1947లో బాయిలరు, తరగతి మారాయి. రైల్వేల జాతీయీకరణ తర్వాత నంబరు 60103. 1950ల చివర జంట గొట్టం, 1961లో పక్కన పొగను పైకి మళ్లించే రేకులు వచ్చాయి. 1963లో రైల్వేవాళ్లు వదిలించుకుంటుంటే అలన్ పెగ్లర్ 3 వేల పౌండ్లకు కొని, రేకులు పీకించి, ఒంటి గొట్టం పెట్టించి, యాపిల్ పచ్చరంగు పూయించి మళ్లీ 4472 చేశాడు. అంటే దాదాపు పాతికేళ్ల వయసు చెరిపేశాడు. అమెరికా తీసుకెళ్లినప్పుడు అక్కడి నిబంధనల కోసం గంట, ముందు పశువులను నెట్టే కంచె కూడా తగిలించాడు. ఆ యాత్రే ఆయన్ను దివాలా తీయించింది. 1973లో విలియం మెకాల్పైన్ దాన్ని ఇంటికి తెచ్చాడు.

2004లో ఇంగ్లండు జాతీయ రైల్వే మ్యూజియం 23 లక్షల పౌండ్లకు కొంది. 2006లో మొదలైన మరమ్మతు పదేళ్లు సాగి 42 లక్షల పౌండ్లు మింగింది. అంతా అయ్యాక వచ్చిన గొడవ రంగు గురించి! జంట గొట్టం, పొగ రేకులు ఉన్న రూపానికి సరిపోయేది బ్రిటిష్ రైల్వే ముదురు పచ్చ, 60103 నంబరేనని మ్యూజియం అంది. యాపిల్ పచ్చ 4472నే ప్రేమించిన అభిమానులకు ఆ మాట మింగుడుపడలేదు. నా ఓటు మ్యూజియానికే. 1960ల ఒంటి మీద 1930ల చొక్కా వేసి, పుట్టినప్పటి నుంచీ ఇలాగే ఉందని నమ్మించడం కన్నా ఇది నిజాయితీ. అయినా పోట్లాడుకున్నవాళ్లిద్దరికీ కావాల్సినది ఇంజను కన్నా ఎక్కువగా తమ జ్ఞాపకం అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే డాంకాస్టర్‌లో ఓవరాలింగుకు వచ్చిన ప్రతిసారీ ఒకదాని బాయిలరు ఇంకొకదానికి బిగించడం మామూలే. ‘అసలు’ స్కాట్స్‌మన్ పనిలో ఉన్న రోజుల్లోనే ఒక నంబరు పలక కింద తిరిగే సామగ్రి.

దీనికి పక్కనే మరో చిక్కు ఉంది. వేల్స్‌లోని బారీ తుక్కు యార్డులో తుప్పు పట్టిన 213 ఇంజన్లను ఔత్సాహికులు కొని బయటపడేశారు. వాటిలో కొన్నిటిని విడగొట్టి, ఎప్పుడో అంతరించిన తరగతుల ఇంజన్లను పుట్టించడం తర్వాతి కథ. అక్కడి ‘మెయిండీ హాల్’ను మింగి 2019లో ‘లేడీ ఆఫ్ లెజెండ్’ అలాగే బయటికి వచ్చింది. అసలును చంపి నకలును బతికించడం నాకు నచ్చదు. అంతకన్నా 2008లో మొదటి మర నుంచీ కొత్తగా పూర్తిచేసిన ‘టొర్నాడో’ పద్ధతి నయం. అది ఏ పాత ఇంజను ఒంట్లోంచీ ఏమీ దొంగిలించలేదు.

భారతదేశానికి ఈ చర్చను మోసుకొచ్చినవాళ్లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు మైక్ సేటో. ఇక్కడ ఉద్యోగం చేసిన ఈ ఆంగ్లేయుడు 1962లో పాటియాలా ఒంటిపట్టా రైలును గుర్తించాడు. 1927లో మూతబడిన ఆ రైలు షెడ్డులో పడి ఉంది. అమృత్‌సర్ వర్కుషాపు ఆ ఇంజనుకు ప్రాణం పోసింది. 1977లో తెరిచిన ఢిల్లీ రైలు మ్యూజియం వెనకా సేటో శ్రమ ఉంది. ఇంగ్లండు తిరిగి వెళ్లి ‘లొకోమోషన్’, ‘రాకెట్’ల నడిచే నకళ్లు చేయించిందీ ఆయనే. ఒకే మనిషి ఒకచోట బాగుచేశాడు, ఒకచోట కాపాడాడు, ఒకచోట కొత్తది కట్టాడు. దేనికి ఏది తగునో తూచి చూశాడు.

ఫెయిరీ క్వీన్ ఇంజను కథలో అంత తూకం కనపడదు. 1855లో లీడ్స్‌లో తయారై, 1909లో విరమించి, హౌరా స్టేషనులో పీఠమెక్కి, 1997లో మళ్లీ ప్రయాణికులను మోసింది. ఆ మరుసటి ఏడు గిన్నిస్ పుస్తకానికెక్కింది. 2011లో ఢిల్లీ షెడ్డులో దాని విడిభాగాలు దొంగల పాలయ్యాయి. చెన్నైలోని పెరంబూరు వర్కుషాపు ఫిట్టర్లు పోయినవాటిని మళ్లీ చేసి నిలబెట్టారు. నాకు ఆ ఫిట్టర్ల మీద ఉన్న గౌరవం గిన్నిస్ పత్రం మీద లేదు. నీలగిరి కొండ రైలు దారి ఇంకా తెలివైనది. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో తయారైన పాత ఇంజన్లు అలసిపోతుంటే, తిరుచ్చి గోల్డెన్‌రాక్ వర్కుషాపు అదే తరగతివి కొత్తవి తయారుచేసింది. ఇక 2023 అక్టోబరు 31న ఏక్తానగర్-అహ్మదాబాద్ మధ్య ప్రారంభమైన హెరిటేజ్ రైలుకు ఆవిరి ఇంజను వేషం వేసిన విద్యుత్ ఇంజను పెట్టారు. వినోదంగా సరే. వారసత్వం అనే పేరు ఎందుకో!

ముస్తాబంతా పాపమని కాదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్‌లో సింహాసనం లాంటి సీటు ఉంది. అది నిజాం కోసం మొదట్లోనే చేసిన అలంకారం. దాన్ని పీకితే కారు చరిత్రే పోతుంది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేర్చారో తెలిసినంతవరకూ నగిషీ కూడా సాక్ష్యమే. ఐరోపాలో పాత రైళ్లు నడిపే సంఘాలు రాసుకున్న రీగా చార్టర్ సారాంశమూ దాదాపు ఇదే: నడపండి, మార్చక తప్పనిది మార్చండి, కానీ ప్రతి మార్పునూ రాసిపెట్టండి.

మన స్టేషన్ల ముందు, రైల్వే ఆఫీసుల ముందు పీఠాల మీద నిలబెట్టిన బొగ్గింజన్లకు ఇది బాగా వర్తించే మాట. పెద్ద ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే నల్ల ఎనామిల్ మరో పూత, చక్రాల అంచులకు తెలుపు, బఫరుకు ఎరుపు. రాడ్ల మీద, కవాటాల మీద వర్కుషాపువాళ్లు గుద్దిన నంబర్లు ఆ పొరల కింద మాయమైపోతున్నాయి. ఏ రాడ్డు ఏ ఇంజను నుంచి వచ్చిందో, అది ఏ షెడ్డులో తిరిగిందో చెప్పేవి ఆ నంబర్లే. ఈసారి రంగు డబ్బా మూత తీసేముందు ఒక ఫిట్టరును పిలిచి, వాటిని గీకి చూసి నోటుబుక్కులో రాసుకుని, నాలుగు ఫొటోలు తీసుకుంటే చాలు. తర్వాత ఏ రంగు కావాలంటే ఆ రంగు వేసుకోవచ్చు.