ఖైదీ హక్కులకు రక్షణ: డీకే బసు కేసు

నిర్బంధంలో ఉన్న వ్యక్తి ప్రాణానికి ప్రభుత్వమే జవాబుదారీ. ఈ సూత్రాన్ని దేశవ్యాప్త నియమాలుగా మలచిన తీర్పుకు మూలం పశ్చిమ బెంగాల్ నుంచి వెళ్లిన ఒక లేఖ.

లేఖే పిటిషన్

పోలీసు లాకప్పుల్లో మరణాలపై పత్రికల్లో వచ్చిన వార్తలను ప్రస్తావిస్తూ, పశ్చిమ బెంగాల్ న్యాయ సహాయ సేవల సంస్థ కార్యనిర్వాహక అధ్యక్షుడు డీకే బసు 1986 ఆగస్టు 26న భారత ప్రధాన న్యాయమూర్తికి లేఖ రాశారు. సర్వోన్నత న్యాయస్థానం దానినే రిట్ పిటిషన్‌గా స్వీకరించింది. అంతకుముందు తిహార్ జైలులో తోటి ఖైదీని వార్డరు హింసించాడంటూ సునీల్ బాత్రా రాసిన లేఖపైనా ఇలాగే విచారణ జరిగి, 1979లో తీర్పు వెలువడింది.

పదకొండు నియమాలు

జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ ఏఎస్ ఆనంద్‌ల ధర్మాసనం 1996 డిసెంబరు 18న 11 నియమాలను నిర్దేశించింది. అరెస్టు చేసే అధికారి పేరు, హోదా స్పష్టంగా కనిపించాలి. అరెస్టు పత్రంపై కనీసం ఒక సాక్షి సంతకం ఉండాలి. బంధువుకు గానీ, మిత్రునికి గానీ సమాచారం అందాలి. నిర్బంధంలో ప్రతి 48 గంటలకు వైద్య పరీక్ష జరపాలి. విచారణ వేళ న్యాయవాదిని కలిసే అవకాశం ఇవ్వాలి. వీటిని ఉల్లంఘించిన అధికారిపై శాఖాపరమైన చర్యతో పాటు కోర్టు ధిక్కార చర్య కూడా తప్పదు.

పరిహారం ఎవరిది?

జీవించే హక్కుకు భంగం కలిగినప్పుడు సార్వభౌమాధికారం పేరుతో ప్రభుత్వం తప్పించుకోజాలదని తీర్పు స్పష్టం చేసింది. రాజ్యాంగ న్యాయస్థానం ఇప్పించే పరిహారం, సివిల్ దావా వేసుకునే హక్కుకు అడ్డు కాదు.

అలాంటి సివిల్ దావాకు తెలుగు నేలపై నిదర్శనం కోయిలకుంట్ల. 1977 మే 5, 6 తేదీల మధ్య రాత్రి అక్కడి సబ్ జైలుపై జరిగిన బాంబు దాడిలో చల్లా చిన్నప్పరెడ్డి మరణించగా, ఆయనతో పాటు నిర్బంధంలో ఉన్న కుమారుడు రామకృష్ణారెడ్డి గాయాలతో బయటపడ్డారు. ప్రాణహాని ఉందని ముందే విన్నవించుకున్నా తగిన కాపలా లేదంటూ ఆ కుటుంబం ప్రభుత్వంపై దావా వేసింది. కింది కోర్టు కొట్టివేసినా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 1989లో రూ.1,44,000 ఇవ్వాలని ఆదేశించింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి ప్రాథమిక హక్కులు పోవంటూ, 2000 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ప్రభుత్వ అప్పీలును తోసిపుచ్చింది.

మిగిలిన పని

బసు కేసు 1996తో ముగియలేదు. 2015 జులైలో ఇదే కేసులో, అన్ని కారాగారాల్లో సీసీ కెమెరాలు అమర్చాలనీ, మానవ హక్కుల కమిషన్లు లేని రాష్ట్రాల్లో వాటిని ఏర్పాటు చేయాలనీ కోర్టు ఆదేశించింది. అరెస్టు నియమాల్లో పలు అంశాలు క్రిమినల్ ప్రక్రియా స్మృతిలో చేరి, 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ కొనసాగుతున్నాయి.

చిత్రహింసల వ్యతిరేక ఐక్యరాజ్యసమితి ఒడంబడికపై భారత్ 1997లో సంతకం చేసినా ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన చిత్రహింసల నిరోధక బిల్లు చట్టం కాలేదు. అందువల్ల నిర్బంధంలో అన్యాయం జరిగిందనే కుటుంబానికి అరెస్టు పత్రం, వైద్య నివేదిక, సమాచారం అందిన సమయం నేటికీ కీలకమైన ఆధారాలే.