మినమాటా పిల్లులు

1950ల తొలి సంవత్సరాలలో, జపాన్ దేశపు క్యూషూ ద్వీపంలోని మినమాటా అనే చిన్న పట్టణం చుట్టుపక్కల జాలరి పల్లెలలో పిల్లులు వింతగా ప్రవర్తించసాగాయి. తూలుతూ నడిచేవి, గిరగిర తిరిగేవి, మూర్ఛలతో కొట్టుకుని చనిపోయేవి. కాకులు ఎగురుతూనే నేలరాలేవి. పిల్లులు నశించడంతో ఎలుకలు విపరీతంగా పెరిగాయని 1954లో ఒక పల్లెవారు అధికారులకు మొరపెట్టుకున్నారు. పిల్లులు ఎందుకు చస్తున్నాయని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు.

1956 ఏప్రిల్‌లో ఆరేళ్ళు నిండని ఒక బాలికను చిస్సో రసాయన కర్మాగారపు ఆసుపత్రికి తీసుకువచ్చారు. నడక తప్పింది, మాట తడబడింది, ఫిట్స్ వస్తున్నాయి. కొద్ది రోజులకే ఆమె చెల్లెలికీ అవే లక్షణాలు. ఆసుపత్రి అధిపతి డాక్టర్ హొసోకావా హజిమే మే 1న, కారణం తెలియని నాడీమండల వ్యాధి వ్యాపిస్తున్నదని ఆరోగ్య శాఖకు తెలియజేశారు. మొదట అంటువ్యాధి అనుకుని ఇళ్ళలో మందు చల్లారు. ఆ కుటుంబాలకు రోగంతోపాటు వెలి కూడా అంటుకుంది.

అసలు దోషి పాదరసం. అసిటాల్డిహైడ్ తయారీలో ఉత్ప్రేరకంగా వాడిన పాదరసంలో కొంత మిథైల్ పాదరసంగా మారి, 1932 నుండి వ్యర్థజలంతో సముద్రంలో కలుస్తూ వచ్చింది. అంత పెద్ద సముద్రంలో పడితే పలచబడిపోదా? పడాలి కదా అనే నాటివారందరి నమ్మకం. ఆ నమ్మకం తప్పడానికి కారణం ప్రకృతి నడిచే తీరులోనే ఉంది.

సూర్యరశ్మిలోని శక్తిని నీటిలోని సూక్ష్మమైన వృక్ష ప్లవకాలు పట్టి ఆహారంగా మారుస్తాయి. వాటిని జంతు ప్లవకాలు, వాటిని చిన్న చేపలు, వాటిని పెద్ద చేపలు తింటాయి. అయితే తిన్నదంతా ఒంటికి పట్టదు. శ్వాసకు, కదలికకు చాలా భాగం ఖర్చై వేడిగా వెలుపలికి పోతుంది. పై మెట్టుకు చేరేది సుమారు పదోవంతు మాత్రమే. 1942లో ప్రచురితమైన రేమండ్ లిండెమన్ వ్యాసం, అమెరికాలోని ఒక చిన్న సరస్సును ఆధారంగా చేసుకుని, ఈ లెక్కకు పునాది వేసింది. శక్తి ఒకే దిశలో సాగి ఆవిరైపోతుంది. నత్రజని, భాస్వరం వంటి పోషకాలు అలా కాదు. చచ్చిన ప్రాణి కుళ్ళినపుడు అవి మళ్ళీ నీటికీ మట్టికీ చేరి, మరో ప్రాణికి పనికివస్తాయి.

మిథైల్ పాదరసం ఈ రెండింటి మధ్య దొంగలా దూరింది. అది ప్రోటీన్లకు అంటుకుంటుంది, శరీరాన్ని త్వరగా వదలదు. పది కిలోల చిన్న చేపలు తిని ఒక కిలో పెరిగిన పెద్ద చేపలో శక్తి పదోవంతే మిగిలినా, ఆ పది కిలోలలోని విషంలో ఎక్కువ భాగం అక్కడే పోగుపడుతుంది. ఆ గొలుసు చివర పిల్లి ఉంది, మనిషి ఉన్నాడు.

1959 జులైలో కుమమోతో విశ్వవిద్యాలయ పరిశోధకులు సేంద్రియ పాదరసమే కారణమని ప్రకటించారు. అదే ఏడాది హొసోకావా, కర్మాగారపు వ్యర్థజలాన్ని ఆహారంలో కలిపి ఒక పిల్లికి పెట్టారు. దాని నంబరు 400. అక్టోబరులో ఆ పిల్లి తూలి పడింది. సంస్థ ఆ ఫలితాన్ని బయటికి రానీయలేదు. డాక్టరుగారూ మౌనం వహించారు. పై అధికారుల కింద జీవితమంతా పనిచేసిన నాకు ఆ మౌనం అర్థం కాకపోలేదు. అయినా దానిని సమర్థించలేను. ఆ పద్ధతి ఉత్పత్తి 1968 వరకూ సాగింది. కారణాన్ని ప్రభుత్వం అధికారికంగా అంగీకరించిందీ ఆ ఏడే. 1970 జులైలో, క్యాన్సర్‌తో మంచం పట్టిన హొసోకావా పడకపైనుండే న్యాయస్థానానికి సాక్ష్యం చెప్పారు. అక్టోబరులో కన్నుమూశారు.

మావి బిడ్డను విషాల నుండి కాపాడుతుందని ఆనాటి వైద్యం నమ్మేది. పైకి ఆరోగ్యంగా కనిపించిన తల్లులకు మెదడు దెబ్బతిన్న బిడ్డలు పుట్టడంతో అదీ కూలిపోయింది. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడును ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకుంటారు. మన పల్లెలలో తాయెత్తులో పెట్టినట్టే. తరువాతి కాలంలో మినమాటా కుటుంబాలు ఆ పెట్టెలను పరిశోధకులకు ఇచ్చాయి. కర్మాగారం ఉత్పత్తి హెచ్చిన ఏళ్ళలో పుట్టిన బిడ్డల బొడ్డుతాళ్ళలో పాదరసమూ హెచ్చుగా ఉంది.