చిన్నగూడూరు నుంచి సికింద్రాబాద్ దాకా: దాశరథి రంగాచార్య

గిరిజన సంఘం ప్రత్యేక సంచికలో గిరిజనేతర రచయిత గురించి ఎందుకని కొందరు అడగవచ్చు. దొరల కింద మన తాతలు చేసిన వెట్టి, కట్టిన నాగువడ్డీ మనకు పెద్దల మాటల్లోనే మిగిలాయి. ఆ కాలాన్ని నవలల్లో నిలిపినవారు దాశరథి రంగాచార్య. అందుకే మారేడ్‌పల్లి నుంచి వెలువడుతున్న ఈ సంచికలో ఆయనను తలుచుకుంటున్నాం.

ఆయన 1928 ఆగస్టు 24న చిన్నగూడూరులో పుట్టారు. అది నేటి మహబూబాబాద్ జిల్లా, ఊరూరి పక్కనా తండాలున్న నేల. ఇంట్లో తొలి అండ అన్న, మహాకవి దాశరథి కృష్ణమాచార్య. అన్నదమ్ములిద్దరూ నిజాం వ్యతిరేక పోరాటంలో నిలిచినవారే.

మరో వెలుగు వట్టికోట ఆళ్వారుస్వామి. 1938లో సికింద్రాబాద్‌లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి. నిజామాబాద్ జైలులో కృష్ణమాచార్యకు తోడు. తెలంగాణ ప్రజల చరిత్రను నవలలుగా రాయాలని పూనుకుని ‘ప్రజల మనిషి’ రాశారు. ‘గంగు’ పూర్తి కాకుండానే 1961లో కన్నుమూశారు. ఆగిపోయిన ఆ పనిని రంగాచార్య భుజాన వేసుకున్నారు.

కొంతకాలం ఉపాధ్యాయుడిగా ఉండి, తర్వాత సికింద్రాబాద్ పురపాలక సంస్థలో ఉద్యోగం చేస్తూనే ఆయన రాశారు. ‘చిల్లర దేవుళ్లు’ సాయుధ పోరాటానికి ముందటి తెలంగాణ పల్లెను, గడిలో ఆడబాపల బతుకును చూపింది. తరువాత ‘మోదుగుపూలు’, ‘జనపదం’ వచ్చాయి. తెలంగాణ పలుకును ఎగతాళి చేసే రోజుల్లో తన పాత్రల చేత ఆ పలుకే పలికించారు.

గుర్తింపు వెతుక్కుంటూ వచ్చింది. ‘చిల్లర దేవుళ్లు’కు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది, సినిమాగానూ వచ్చింది. నాలుగు వేదాలను తెలుగు చేశారు. ‘జీవనయానం’ పేరిట ఆత్మకథ రాశారు. 2015 జూన్ 8న వెళ్లిపోయారు.

ఆయన జీవితం మనకు చెప్పేది ఒక్కటే. రాసేవాడి వెనుక ఒక అన్న, ఒక ఆళ్వారుస్వామి ఉండాలి. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించిన ధర్మాపురం తండా బిడ్డ జాటోతు ఠానూ నాయక్ కథ మన తండాల్లో ఎందరికి తెలుసు? దాన్ని మనవాళ్లే, మన పలుకుతోనే రాయాలి. ‘ఢావ్లో’ కథలకు రమేశ్ కార్తీక్ నాయక్ 2024లో కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నారు. దారి పడింది. మన తండాల్లో, గూడేల్లో నోటుపుస్తకం చివరి పేజీల్లో కథ రాసుకుంటున్న పిల్లవాడిని పిలిచి, ‘ఏదీ, చదువు, విందాం’ అనడం మన వంతు.