మైలేజీ లెక్కలో మనిషి వాటా: రెండు ఇంధనాల బండ్ల చరిత్ర – డెల్టా దారుల నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
పెట్రోలుతోనూ కరెంటుతోనూ నడిచే ప్లగిన్ హైబ్రిడ్ కారుకు తయారీదారు ప్రకటించే మైలేజీకీ, రోడ్డు మీద వచ్చే మైలేజీకీ మధ్య పెద్ద అంతరం ఉన్నదని గడచిన దశాబ్దపు పరిశీలనలు తేల్చాయి. ఈ అంతరాన్ని యంత్రలోపంగా కాక కొలత చరిత్రలో భాగంగా చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. తెలుగువారి దూరమానాలు, డెల్టా పడవలు, రెండవ ప్రపంచయుద్ధకాలపు బొగ్గు బస్సులు ఇందుకు ఆధారాలు.

కీలకపదాలు: మైలేజీ, ఆమడ, బొగ్గు బస్సు, ప్లగిన్ హైబ్రిడ్, వినియోగ గుణకం, అడవులదీవి.

1. ఉపోద్ఘాతం:

బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలోని అడవులదీవి కృష్ణా పశ్చిమ డెల్టా సముద్రాన్ని చేరే అంచున ఉన్న ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఇది గుంటూరు జిల్లాలోది. తెనాలి నుంచి వచ్చే రైలుదారి రేపల్లెలో ముగుస్తుంది. 1916 నుంచి ఆ కొస అక్కడే ఉంది. అక్కడి నుంచి తీరగ్రామాలకు పోవాలంటే రోడ్డే దిక్కు. ఇటువంటి కొసఊళ్లలో బండి ఎంత దూరం పోతుంది, ఎంత తాగుతుంది అనే ప్రశ్న కొనుగోలు ముచ్చటగా మిగలదు. దారిలో ఆగిపోతే ఎవరు తోడు వస్తారన్నది కూడా అందులో ఇమిడి ఉంటుంది.

ఆ ప్రశ్నకు తెలుగులో నేడు ఒకే మాట ఉంది: మైలేజీ. కాలేజీ, గ్యారేజీ, ప్యాకేజీల వరుసలో చివర దీర్ఘం చేర్చుకొని తెలుగైపోయిన మాట ఇది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టం తరువాత మైళ్లు క్రమంగా కిలోమీటర్లకు చోటిచ్చాయి, గ్యాలన్లు లీటర్లయ్యాయి. మైలు పోయినా మైలేజీ పోలేదు. పైగా అది పత్రికలలో 'రాజకీయ మైలేజీ'గా అర్థవిస్తృతిని పొందింది. తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలం అనే భావం ఆ మాటలో ఎంత బలంగా స్థిరపడిందో దీనివల్ల తెలుస్తుంది. ఈ వ్యాసానికి ముఖ్యమైన అంశం మరొకటి: మైలేజీ అన్నప్పుడు వినేవాడు ఒకే ఒక అంకెను ఆశిస్తాడు.

2. ఆమడ, పూట, తెరచాప:

పాత తెలుగు దూరమానాలు ఒక్క అంకెకు ఒదిగేవి కావు. క్రోసు సుమారు రెండు మైళ్లు, ఆమడ సుమారు ఎనిమిది మైళ్లు అని లెక్క చెప్పడం వాడుకలో ఉన్నా, ఆచరణలో అవి ప్రాంతాన్నిబట్టి సాగుతూ ముడుచుకుంటూ ఉండేవి. 'పూట ప్రయాణం' అన్నప్పుడు దూరమూ, కాలమూ, నడిచేవాడి శక్తీ కలిసే ఉంటాయి. బండిలో బరువు, దారిలో బురద, ఎద్దుల వయస్సు తెలియకుండా ఎవరూ పూట దూరాన్ని ఖాయంగా చెప్పరు. ఇది అశాస్త్రీయమని కొట్టివేయడం తొందరపాటు అవుతుంది. కొలత ఏ షరతులకు లోబడి ఉన్నదో కొలతలోనే చెప్పే పద్ధతి అది.

డెల్టా కాలువలు దీనికి మరొక నిదర్శనం. విజయవాడ దగ్గర కృష్ణపై ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత పశ్చిమ డెల్టా కాలువలు సాగునీటితో పాటు సరుకునూ మోశాయి. కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలిసి మద్రాసు దాకా జలమార్గమైంది. ఆ పడవకు గాలి అనుకూలిస్తే తెరచాప. గాలి పడిపోతే గెడ, గట్టు మీద మనుషులు లాగే తాడు. రెండు శక్తులతో నడిచే వాహనమే అది. తెరచాప ఉన్నంత మాత్రాన ప్రయాణమంతా గాలి మీదే జరుగుతుందని లెక్కకట్టిన సరుకుదారు నష్టపోక తప్పదు. గాలి ఎంతసేపు వీచిందన్నది గట్టు మీద తాడు లాగినవారి భుజాలకే తెలిసేది.

3. బొగ్గు బస్సులు:

యంత్రయుగంలో రెండు ఇంధనాల బండి తెలుగు నేల మీద తిరిగిన కాలం రెండవ ప్రపంచయుద్ధకాలం. 1941లో పెట్రోలుకు రేషను వచ్చింది. 1942 మార్చిలో రంగూను జపాను వశం కావడంతో బర్మా చమురు అందకుండా పోయింది. ఆ ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాలపై బాంబులు పడ్డాయి. పెట్రోలు కూపన్ల మీద మాత్రమే దొరికే ఆ రోజులలో మద్రాసు రాష్ట్రంలోని ప్రైవేటు బస్సు యజమానులు బండి వెనుక బొగ్గు కొలిమి తగిలించారు. జనం వాటిని బొగ్గు బస్సులన్నారు.

దాని పనితీరు ఇది. నిలువు పీపాలాంటి కొలిమిలో కట్టెబొగ్గు నింపి నిప్పు పెడతారు. పక్కనున్న చక్రాన్ని ఒక కుర్రవాడు చేత్తో తిప్పుతూ గాలి ఊదుతాడు. గాలి చాలీచాలకుండా అందడంతో బొగ్గు పూర్తిగా కాలక కార్బన్ మోనాక్సైడు ప్రధానంగా ఉన్న మండే వాయువు తయారవుతుంది. అందులో సగానికి అటూ ఇటూగా మండని నత్రజనే. ఆ వాయువును చల్లార్చి, మసి వడగట్టి, గాలితో కలిపి ఇంజనుకు పంపుతారు. పెట్రోలు ఇంజను ఈ వాయువు మీద నడిస్తే దాని శక్తిలో మూడో వంతు నుంచి సగం దాకా తరిగిపోతుంది. అందుకే చాలా బండ్లలో పెట్రోలు ఏర్పాటును తీసివేయలేదు. పెట్రోలుతో బయలుదేరి, వాయువు అందుకున్నాక దాని మీదికి మార్చి, ఎత్తు వచ్చినప్పుడు మళ్లీ పెట్రోలు వైపు మీట తిప్పేవారు. తెనాలి, రేపల్లె ప్రాంతపు సమతల నేల ఇటువంటి బండికి అనువైనది. ఆ దారిలో ఎత్తులంటే కాలువ వంతెనలూ కరకట్టలే. వానాకాలంలో తడిసిన బొగ్గు మాత్రం ఏ నేలనూ లెక్కచేయదు.

చరిత్ర దృష్టితో చూస్తే ఇక్కడ గమనించవలసినది యంత్రం కన్నా ఆ మీట. బొగ్గు బస్సు ఎంత పెట్రోలు ఆదా చేసిందన్నది కొలిమి నిర్మాణాన్నిబట్టి తేలదు. డ్రైవరు ఆ మీటను ఎటువైపు, ఎంతసేపు ఉంచాడన్న దాన్నిబట్టి తేలుతుంది. వాయువు మీద నడపడం డ్రైవరుకు సుఖం కాదు: బూడిద ఎత్తాలి, జాలీలు కడగాలి, బొగ్గు మూటలు మోయాలి, విషవాయువుకు జాగ్రత్తపడాలి. పెట్రోలు దొరికితే అతడు అటే మొగ్గుతాడు. అతణ్ని బొగ్గుకు కట్టిపడేసినది కూపను. నెలకు ఇంతే పెట్రోలు అన్న పరిమితి ఉన్నందువల్ల ఆదా కాగితం మీదా రోడ్డు మీదా ఒక్కటే అయింది. యుద్ధం ముగిసి పెట్రోలు మళ్లీ దొరకగానే కొలిములు ఊడిపోయాయి. ఒక ఇంధనం సుఖమూ మరొకటి శ్రమా అయినప్పుడు రెండింటి వాటాను నిర్ణయించేది వాడేవాడి మీద ఉండే ఒత్తిడి అనడానికి ఇంతకు మించిన ఉదాహరణ అక్కరలేదు.

4. గోడకు తగిలించే కారు:

పెట్రోలు ఇంజను, విద్యుత్ మోటారు కలిసిన కారు కొత్తది కాదు. వియన్నాలోని లోనర్ సంస్థలో ఫెర్డినాండ్ పోర్షే 1900లోనే అటువంటిదానిని రూపొందించాడు. టొయోటా ప్రియస్ 1997 డిసెంబరులో జపాను మార్కెట్టుకు వచ్చింది. దాని బ్యాటరీని బయటి కరెంటుతో నింపే వీలు లేదు. ఆ వీలు కల్పించి, కొంత దూరం పూర్తిగా కరెంటుతోనే నడిచేదే ప్లగిన్ హైబ్రిడ్. ఆండీ ఫ్రాంక్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో ఈ దిశగా చాలాకాలం కృషి చేశాడు. చైనాలో బీవైడీ సంస్థ 2008 డిసెంబరులో ఎఫ్3డీఎంను, అమెరికాలో జనరల్ మోటార్స్ 2010 డిసెంబరులో షెవ్రొలే వోల్టును అమ్మకానికి తెచ్చాయి.

వోల్టు కథ ఈ వ్యాసానికి కీలకం. 2009 ఆగస్టులో ఆ సంస్థ తమ కారు నగరంలో గ్యాలనుకు 230 మైళ్లు ఇస్తుందని ప్రకటించింది. అప్పటికి ముసాయిదా దశలోనే ఉన్న లెక్కింపు పద్ధతి ప్రకారం వచ్చిన అంకె అది. కారు బయటికి వచ్చాక అమెరికా పర్యావరణ సంస్థ అతికించిన చీటీలో ఉన్నవి వేరు: కరెంటుతో 35 మైళ్లు, అంటే 56 కిలోమీటర్లు; ఆ తరువాత పెట్రోలుతో గ్యాలనుకు 37 మైళ్లు, అంటే లీటరుకు 15.7 కిలోమీటర్లు.

ఈ అంకెలను డెల్టా దారి మీద పెట్టి చూడవచ్చు. వోల్టు ఇక్కడ అమ్ముడుపోయిన కారు కాదు. లెక్క కోసమే ఈ ఊహ. తెనాలి–రేపల్లె రైలుదారి పొడవు సుమారు 34 కిలోమీటర్లు. ఆ దూరాన్నే ప్రమాణంగా తీసుకుంటే రానుపోను 68. రోజూ రాత్రి బ్యాటరీ నింపేవాడు 56 కిలోమీటర్లు కరెంటుతో, మిగిలిన 12 పెట్రోలుతో నడుపుతాడు. లీటరు పెట్రోలుకు అతడికి వచ్చేది సుమారు 89 కిలోమీటర్లు. రోజు విడిచి రోజు నింపేవాడికి రెండు రోజుల 136 కిలోమీటర్లలో 80 పెట్రోలువే. అతడికి లీటరుకు సుమారు 27. అసలు నింపనివాడికి 15.7. కారూ అదే, దారీ అదే, బరువూ అదే. వాకిట్లో తీగ తగిలించే అలవాటు ఒక్కటే మారింది. ఈ ముగ్గురిలో ఎవరి అంకెను ప్రకటనలో వేయాలి?

5. వినియోగ గుణకం అనే ఊహ:

ప్రయోగశాలలు ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానమే వినియోగ గుణకం. కరెంటు దూరం ఇంత ఉన్న కారును జనం తమ ప్రయాణాల్లో ఇంత శాతం కరెంటుతో నడుపుతారని ముందుగానే ఊహించి, ఆ వాటాతో రెండు అంకెలనూ కలిపి ఒక్కటి చేస్తారు. ఇక్కడే యంత్రపు కొలతలోకి మనిషి నడవడి ప్రవేశిస్తుంది. అయితే అది కొలిచిన నడవడి కాదు, అనుకున్న నడవడి. రోజూ నింపుతారన్నది ఆ అనుకోలు.

స్వచ్ఛ రవాణాపై పనిచేసే అంతర్జాతీయ మండలి, జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థతో కలిసి 2020లో సుమారు లక్ష వాహనాల వివరాలను పరిశీలించింది. సొంత కార్లలో 69 శాతం కరెంటు ప్రయాణమని ప్రమాణపత్రాలు ఊహించగా, వాస్తవం 37 శాతం దగ్గర తేలింది. సంస్థలు ఉద్యోగులకిచ్చే కార్లలో ఊహ 63 శాతం, వాస్తవం 20 శాతం. ఈ రెండో జంట అంకెలే ఎక్కువ మాట్లాడతాయి. పెట్రోలు బిల్లు యజమాని కట్టి, ఇంటి కరెంటు బిల్లు ఉద్యోగి కట్టవలసి వచ్చిన చోట తీగ తగిలించే ఆసక్తి ఎక్కడి నుంచి వస్తుంది? బొగ్గు బస్సు డ్రైవరుకు కూపను చేసిన పని ఇక్కడ ఎవరూ చేయలేదు. పైగా తక్కువ ఉద్గారమని చూపిన కాగితం మీద పన్ను రాయితీలు కూడా దక్కాయి.

2021 నుంచి ఐరోపాలో కొత్త కార్లు తాము తాగిన ఇంధనాన్ని తామే నమోదు చేసుకునే పరికరంతో వస్తున్నాయి. ఆ నమోదుల ఆధారంగా ఐరోపా కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం సాధారణ పెట్రోలు, డీజిలు కార్లలో ప్రకటిత విలువకూ వాస్తవానికీ తేడా 20 శాతం లోపలా బయటా ఉంటే, ప్లగిన్ హైబ్రిడ్ల కార్బన్ ఉద్గారం ప్రకటించినదానికి 3.5 రెట్లు ఉంది. దీని ఫలితంగా గుణకాన్ని సవరించారు. లెక్కలో వాడే ప్రామాణిక దూరం 800 కిలోమీటర్లుగా ఉన్నదాన్ని 2025 నుంచి కొత్త నమూనాలకు 2,200కు పెంచారు. తరువాతి దశలో అది 4,260 అవుతుంది. ఈ దూరం పెరిగేకొద్దీ ఊహించే కరెంటు వాటా తగ్గుతుంది. కారులో ఒక్క మర కూడా మారకుండానే దాని ఉద్గారపు అంకె పెరుగుతుందన్నమాట. మారింది మనిషిపై పెట్టుకున్న నమ్మకం.

6. ఇక్కడి స్థితి:

భారతదేశంలో ప్లగిన్ హైబ్రిడ్లు సంపన్నుల వాహనాలుగానే వచ్చాయి: 2015లో బీఎండబ్ల్యూ ఐ8, 2016లో వోల్వో ఎక్స్‌సీ90 టీ8, 2022 డిసెంబరులో బీఎండబ్ల్యూ ఎక్స్ఎం. కనుక అడవులదీవి వంటి ఊళ్లకు ఇది నేటి సమస్య కాకపోవచ్చు. కాని మన ప్రమాణపరీక్ష స్వభావం ఆ ఊళ్లకు కొత్త కాదు. సవరించిన భారతీయ చోదనచక్రం అనే ఆ పరీక్షలో కారు రోలర్ల మీద నడుస్తుంది, అత్యధిక వేగం గంటకు 90 కిలోమీటర్లు, ఏసీ వేయరు. ఏప్రిల్, మే నెలల తీరప్రాంతపు ఉక్కలో ఏసీ వేయని కారువాడు అరుదు. ఆ ఏసీ కూడా బ్యాటరీ నుంచే తాగుతుంది. తుఫాను రోజున కరెంటు పోతే నింపే దారే లేదు. అప్పుడు రెండో ఇంధనమే బండిని కదిలిస్తుంది. ఈ కారుకున్న అసలు బలం కూడా అదే. దాన్ని మోసమని ఒక్కమాటలో తీసిపారేసే విమర్శలో న్యాయం సగమే ఉంది.

విధానాల విషయంలో అనుభవం ఒకటి ఇప్పటికే ఉంది. 2015 ఏప్రిల్‌లో మొదలైన ఫేమ్ పథకం కింద కరెంటుతో విడిగా ఒక్క మీటరు కూడా నడవని స్వల్ప హైబ్రిడ్లకు సైతం రాయితీ దక్కింది. 2017లో దాన్ని ఉపసంహరించారు. పేరును చూసి ఇచ్చి, పనిని చూసి తీసుకున్నారు.

అంతకన్నా లోతైనది తయారీసంస్థల సగటు ఇంధనవినియోగ నిబంధన. 2017–18లో మొదటి దశ, 2022–23లో రెండవ దశ అమలుకు వచ్చిన ఈ నిబంధనలో ఒక సంస్థ అమ్మిన కార్లన్నిటి సగటు ఉద్గారం పరిమితిని దాటకూడదు. ఆ సగటు కట్టేటప్పుడు పూర్తి విద్యుత్ కారును మూడు కార్లుగా, ప్లగిన్ హైబ్రిడ్‌ను రెండున్నర కార్లుగా, బలమైన హైబ్రిడ్‌ను రెండు కార్లుగా లెక్కిస్తారు. రెండున్నర రెట్లు చేసేది ప్రయోగశాల అంకెనే తప్ప రోడ్డు అంకెను కాదు. ఆ కారు యజమాని ఒక్కసారి కూడా తీగ తగిలించకపోయినా సగటులో దాని స్థానం చెక్కుచెదరదు. దాని చాటున అదే సంస్థ అమ్మే బరువైన పెట్రోలు కార్లకు వెసులుబాటు దొరుకుతుంది. ఖరీదైన కార్లు నగరాల్లో కొద్దిగా అమ్ముడవుతున్నంతకాలం ఈ తేడా చిన్నదే. ధరలు దిగి ఆ కార్లు తెనాలి షోరూములకు చేరే నాటికి, అవి తాగిన పెట్రోలును అవే నమోదు చేసి చెప్పాలన్న నియమం ఇక్కడ కూడా ఉండాలా అన్నది నిబంధనల తరువాతి దశను రాసేవారు ముందుగా తేల్చవలసిన ప్రశ్న.