ఒక్క నిమిషము: ఒక ఆట చరిత్ర

"ఒక్క నిమిషము" అన్న మాటకు మన దేశములో కొలత లేదు. టిక్కెట్టు కిటికీలో కూర్చొని మేమంటే చిల్లర దొరికే వరకు అని అర్థము. పెండ్లివారింట అంటే వంట దిగే వరకు. సీమవారు మాత్రము ఆ మాటను అక్షరాలా అరవై సెకండ్లకు కట్టివేసి, దానితో ఒక హాస్యపు ఆట చేసి, రేడియోలో యాభై ఏండ్లకు పైగా ఆడుకొంటున్నారు. ఆ ఆటే సముద్రము దాటి మన కాలేజీలకు వచ్చి, నేడు మన పిల్లల ఉద్యోగాల గుమ్మములో కావలి కూర్చున్నది. అది ఎట్లు వచ్చినదో, దారిలో ఏమి పారవేసుకొన్నదో మాకు తెలిసినంతలో ఈ ఉగాది సంచిక మూలముగా మనవి చేస్తాము.

ఆట పేరు "జస్ట్ ఎ మినిట్". బి.బి.సి. రేడియోలో 1967 డిసెంబరు 22న మొదలైనది. దానిని కల్పించినవారు ఇయాన్ మెస్సిటర్ అనే ఆయన. దీని పుట్టుక విచిత్రమైనది. ఆయన షెర్బోర్న్ పాఠశాలలో చదివే రోజులలో చరిత్ర పాఠము జరుగుతుండగా దిక్కులు చూస్తూ కూర్చున్నాడట. పెర్సివల్ ప్యారీ జోన్స్ అనే మాస్టరుగారు చూచి, "నేనీ నిమిషములో చెప్పినదంతా తడబడకుండా, చెప్పిన ముక్క మళ్ళీ చెప్పకుండా ఒప్పగించు" అని నిలబెట్టినారట. ఎన్నో ఏండ్ల తరువాత 13వ నంబరు బస్సులో పై అంతస్తున పోతుండగా మెస్సిటర్‌కు ఆ సంగతి జ్ఞాపకము వచ్చినది. ఆ రెండు షరతులకు "విషయము తప్పరాదు" అని మూడవది చేర్చి, మార్కుల లెక్క కట్టి, ఆటగా మార్చినాడు. మొదట 1951లో "వన్ మినిట్ ప్లీజ్" అన్న పేరుతో రేడియోలో నడచినది. 1954లో అమెరికా టెలివిజనుకు కూడా పోయినది. అటుపిమ్మట 1967లో ఇప్పటి రూపము, ఇప్పటి పేరు వచ్చినవి. మొత్తానికి బడిలో శిక్షగా పుట్టినది వినోదమైనది. పాఠకులు ఈ ముక్క గుర్తుంచుకోవలెను.

ఆడే విధానము సులభమే. నలుగురు హాస్యగాండ్రు కూర్చుంటారు. అధ్యక్షుడు ఒకరికి ఒక విషయమిస్తాడు. అతడు నిమిషము పాటు ధారగా మాట్లాడవలెను. తడబడితే, మాట తిరిగి వస్తే, దారి తప్పితే తక్కిన ముగ్గురిలో ఎవరైనా మీట నొక్కి ఆక్షేపించవచ్చును. ఆక్షేపణ నిలిస్తే ఒక మార్కు, మిగిలిన సెకండ్లు ఆక్షేపించినవానివి. నిలువకపోతే మార్కు మాట్లాడుతున్నవానిది. అరవై సెకండ్లు కాగానే ఈల వేస్తారు. నికొలస్ పార్సన్స్‌గారు 1967 మొదలు 2019 వరకు, అంటే అర్ధ శతాబ్దానికి పైగా, అధ్యక్ష పీఠము మీద ఉన్నారు; 2020 జనవరి 28న కాలము చేసినారు. 2021 నుండి సూ పెర్కిన్స్ అనే ఆమె ఆ బాధ్యత వహించినారు. కెన్నెత్ విలియమ్స్, డెరెక్ నిమ్మో, పీటర్ జోన్స్, మనస్తత్వ శాస్త్రములో పేరుపొందిన ఫ్రాయిడ్‌గారి మనుమడు క్లెమెంట్ ఫ్రాయిడ్ — వీరందరు ఆ ఆటలో ఆరితేరినవారు. విలియమ్స్‌గారు తనను ఆపినవారి మీద తెచ్చిపెట్టుకొన్న కోపముతో అరిచే అరుపులకే జనము పడిపడి నవ్వేవారట. మార్కులు ఎవరికీ పట్టవు. పట్టుబడినవాడే ఎక్కువ నవ్విస్తాడు. ఇదీ ఆ ఆటలోని కీలకము.

మన దేశములో దీనిని మొదట ఒంట పట్టించుకొన్నవారు ఇంగ్లీషు బాగా వచ్చిన కాలేజీ విద్యార్థులు. మూడు మాటల మొదటి అక్షరాలు కలిపి "జామ్" అన్నారు. మదరాసు ఐ.ఐ.టి. మొదలైన చోట్ల ఉత్సవాలలో జామ్ పోటీ పెద్ద వేడుక. అధ్యక్షుని "జామ్ మాస్టరు" అంటారు. మనవారు మూడు తప్పులతో తృప్తి పడలేదు. వ్యాకరణము తప్పితే ఒక ఆక్షేపణ, ఉచ్చారణ తప్పితే మరొకటి. చట్టాలు పెంచడములో మనల మించినవారు లేరు! అయినా అక్కడ నవ్వు మిగిలే ఉన్నది. 2012లో అసలు బి.బి.సి. వారే ముంబాయి వచ్చి రెండు భాగాలు రికార్డు చేసికొని పోయినారు. మన సైరస్ బ్రోచా, అనువబ్ పాల్ వారితో సమానముగా ఆడినారు.

తరువాత జరిగినదే మా బాధ. హైదరాబాదు జె.ఎన్.టి.యు. మొదటి సంవత్సరము ఇంజనీరింగు విద్యార్థులకు పెట్టిన ఇంగ్లీషు లాబరేటరీ పాఠాలలో జామ్ ఒక అభ్యాసమైనది. ఆ వెనుక ఉద్యోగాల ఎంపికలో ఒక మెట్టు అయినది. ఎదుట హాస్యగాండ్రు లేరు, ఈల లేదు. గడియారము, కాగితము మీద మార్కులు వేసే ఒక అధికారి. మాస్టరుగారి శిక్షలో పుట్టిన ఆట లోకమంతా తిరిగి, మన దగ్గరకు వచ్చేసరికి మళ్ళీ శిక్షలోనికే పోయినది. నవ్వు ఏ స్టేషనులో దిగిపోయినదో తెలియదు.

ఇది మన ఆండర్సన్‌పేటకు దూరపు సంగతి కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన తరువాత మనకు బ్రదుకుతెరువు బెంగుళూరే. 1894లో బంగారము కోసము వేసిన మారికుప్పం పట్టాల మీద నేడు మనుషులే సరుకు. మారికుప్పం, ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ స్టేషన్లలో తెల్లవారక ముందే ఎక్కి, చీకటి పడిన తరువాత దిగే పిల్లలను మేము ప్రతిదినము చూస్తున్నాము. వారిలో పట్టము పుచ్చుకొన్న ఒక కుర్రవాడు బెంగుళూరులో ఒక కంపెనీకి పోతే, ఈ నిమిషపు పరీక్ష పెట్టి "మీ ఊరు" అన్న విషయమిచ్చినారు. తాత గనిలో దిగినవాడు, తండ్రి గనిలో దిగినవాడు. మూడు కిలోమీటర్లకు పైగా లోతున్న ఛాంపియన్ రీఫ్ గని సంగతులు రాత్రంతా చెప్పగలవాడు. ఇరువది సెకండ్లలో నోరు కట్టుకొని పోయి ఇంటికి వచ్చినాడు. అతనికి విషయము తెలియక కాదు, ఇంగ్లీషు బొత్తిగా రాకా కాదు. మాట తప్పితే నవ్వేవారుంటారని కాక, కొట్టివేసేవారుంటారని భయము.

ఇక్కడ మన అవధానమును తలచుకొనక తప్పదు. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి జనరంజకము చేసిన ఆ విద్యలో ఎనమండుగురు పృచ్ఛకులు ఒక్కని చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అడుగడుగునా "ఈ అక్షరము వద్దు" అని అడ్డు తగులుతాడు. మీట నొక్కే సీమ హాస్యగానికి ఈయన అన్నగారు. నడుమ గంట మోగుతుంది, దాని లెక్క కూడ తప్పరాదు. వీరందరిలో జనము ఎదురుచూచేది అప్రస్తుత ప్రసంగము చేసే ఆయన కొరకు. కవి పద్యము కట్టుకొంటుండగా సందర్భము లేని ప్రశ్న వేసి దారి తప్పించడమే ఆయన ఉద్యోగము. సీమ ఆటలో దారి తప్పడము నేరము. మనవారు దానికి సభలో ఒక కుర్చీ వేసినారు! చివరకు ధారణ. చెప్పిన పద్యాలన్నీ మళ్ళీ ఒప్పగిస్తేనే అవధానము పూర్తి. ఆ ప్యారీ జోన్స్ మాస్టరుగారు బడిపిల్లవాని నుండి కోరినది ఒక విధముగా ధారణయే కదా. కఠినమైన పరీక్షను, కడుపుబ్బ నవ్వును ఒకే వేదిక మీద కూర్చుండబెట్టడము మనవారికి చేతనయినది. ఈ విద్యను కన్నడములో తిరిగి నిలబెట్టిన శతావధాని ఆర్. గణేశ్‌గారు 1962లో పుట్టినది మన కోలారులోనే. మంచి ఆట పొరుగు భాషకు పోయినా నవ్వు పోగొట్టుకొననక్కర లేదనడానికి ఇంతకంటె దగ్గరి సాక్ష్యము లేదు.

అయితే జామ్‌ను తెలుగులో ఆడించవచ్చునా? తెలుగు సంఘాల వేడుకలలో "ఇంగ్లీషు ముక్క లేకుండా ఒక నిమిషము" అన్న పోటీ ఇప్పటికే వాడుకలో ఉన్నది. మా అభిప్రాయములో ఆ ఒక్క షరతుతో ఆట రక్తి కట్టదు. పైగా పిల్లలు "స్టేషను" అనడానికి భయపడి "ధూమశకట విరామ స్థలము" అంటారు. రైలు, టిక్కెట్టు, స్టేషను మన అవ్వల నోట నలిగి తెలుగయినవి. వానిని తప్పుగా లెక్కించే న్యాయాధిపతికి మేము టిక్కెట్టు ఇయ్యము. ఇక మన పేటలో ఇంకొక చిక్కు. మనమాడే మాటలో అరవము కొంత, కన్నడము కొంత. ఏది పరాయిదో తేల్చడానికి పంచాయతీ పెట్టవలెను. అందుకే అసలు మూడు షరతులే మేలు.

కాని రెండవ షరతు దగ్గర మన భాష ఎదురు తిరుగుతుంది. వేడివేడి అన్నము, ఇంటింటా, చిన్నచిన్న పిల్లలు — చెప్పిన మాట మళ్ళీ చెప్పడమే మన సొగసు. చిన్నయసూరిగారి బాలవ్యాకరణములో దీనికి ఆమ్రేడితసంధి అని ఒక సంధియే కలదు. సీమవాని లెక్కలో ఇవన్నీ తప్పులు. కనుక జంట మాటకు మినహాయింపు ఇయ్యవలెను. "అన్నమూ గిన్నమూ" అన్నప్పుడు గిన్నము వేరు మాటయా కాదా అని తగవు వస్తుంది. రానీయండి, ఆ తగవే ఆట. "అంటే", "మరి", "ఏమంటారు" అని సాగదీయడము మాత్రము తడబాటు క్రిందనే జమ.

సంఘము పెద్దలు ఒప్పుకొంటే ఈ ఉగాది సాయంకాలము ఆడించి చూడవచ్చును. విషయాలు మేమే కొన్ని వ్రాసి ఉంచినాము: సైనైడు దిబ్బ, మారికుప్పం బండి, వేపపూత, అత్తవారింటి పచ్చడి, మీ ఊరు. ఆక్షేపించడానికి పిల్లలను, మాట్లాడడానికి పెద్దలను కూర్చుండబెట్టవలెను, తలక్రిందులుగా వద్దు. ఈల సంగతి దిగులు లేదు, గార్డుగారిని అడిగి తెస్తాము.