కొమ్ము విరిస్తే కనిపించే మందు

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నిజామాబాద్ మార్కెట్ యార్డులో అడుగుపెడితే కనురెప్పలకి కూడా పసుపు అంటుకుంటుంది. కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి ఫట్‌మని విరుస్తాడు. బాగా ఎండిందైతే ఖణేల్మంటుంది, లోపల నారింజ ఛాయ మెరుస్తుంది. ఎనిమిది తొమ్మిది నెలలు మట్టిలో ఉండి, ఉడికి, ఎండి, పాలిష్ పట్టించుకుని వచ్చిన పంటకి ధర ఆ విరుపులోనే తేలుతుంది.

అతను చూసే రంగే పసుపులోని మందు కూడా. 1815లో వోగెల్, పెల్లెటియే అనే ఇద్దరు దాన్ని విడదీసి కర్క్యుమిన్ అని పేరు పెట్టారు. దాని నిర్మాణం తేలేసరికి 1910 వచ్చింది. క్షారం తగిలితే అది ఎర్రబడుతుందన్న సంగతి మాత్రం మనకి పెళ్లికూతురి పాదాల మీదే తెలుసు. పసుపులో సున్నం కలిపితే పారాణి!

చరక, సుశ్రుత సంహితల్లో దీని పేరు హరిద్ర. పుండ్లకీ చర్మవ్యాధులకీ వాడమన్నారు. అయినా గాయాలకి పసుపు రాయడం కొత్త సంగతేనంటూ 1995లో అమెరికాలో మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రానికి పేటెంట్ ఇచ్చేశారు. కనిపెట్టామన్న ఇద్దరూ భారత సంతతివాళ్లే! మన దేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్ఐఆర్) 32 ఆధారాలు చూపించి, 1997లో దాన్ని రద్దు చేయించింది.

గెలిచాం సరే, పసుపు అన్నిటికీ మందేనా? కర్క్యుమిన్ నీళ్లలో కరగదు, ఒంటికి పట్టేది బహు తక్కువ. 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్ తోడు చేస్తే అది రక్తంలో సుమారు 20 రెట్లు పెరిగింది. నూనెలో కరుగుతుంది కాబట్టి పోపులో పసుపు వేయడం తెలివైన పనే. కానీ పొడిలో కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లకి అటూ ఇటూ. చెంచాడు పసుపు పాలతో మోకాలి నొప్పి పోదు. ఆ నొప్పికి కొంత ఉపశమనం కనిపించింది గాఢమైన మాత్రలతో చేసిన పరీక్షల్లో. క్యాన్సర్ నయమవుతుందనడానికి మాత్రం రుజువు లేదు. పైగా ఆ మాత్రలు మింగి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు, ముఖ్యంగా మిరియాల సారం కలిపినవి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా వాటి జోలికి పోకూడదు. కూరలో పసుపుకి ఈ భయాలేం లేవు.

ఇక పండించేవాడి సంగతి. నిజామాబాద్ జిల్లాలో ఆర్మూరు, బాల్కొండ వైపు పసుపు రైతులు పసుపు బోర్డు కావాలనీ మద్దతు ధర ఇవ్వాలనీ పట్టుబట్టారు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిస్తే, 170 మందికి పైగా నిరసనగా నిలబడ్డ రైతులే. 2025 సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు మొదలైంది. మద్దతు ధర ఇంకా రాలేదు. కర్క్యుమిన్ శాతం కంటికి తెలియదు, ప్రయోగశాలలోనే తేలాలి. యార్డులో మాత్రం ధర కోసం కొమ్ము ఫట్‌మంటూనే ఉంది.